నడిచే ఇంజన్ దింపేశాను, ఇప్పుడు తేదీ కలిసే బ్లాకు దొరకట్లేదు

ఈ వారం ఉత్తరం కాలిఫోర్నియా ఫ్రీమాంట్ నుంచి. పేరు వద్దన్నారు కాబట్టి పేరు లేదు. నలభై నాలుగేళ్లు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, భార్య, ఇద్దరు పిల్లలు, గరాజ్‌లో ఒక 1967 మస్టాంగ్. హార్డ్‌టాప్, 289 ఘనపు అంగుళాల వీ8 ఇంజన్, రెండు బ్యారెళ్ల కార్బొరేటర్, ఆటోమేటిక్. నాలుగేళ్ల కింద కొన్నప్పుడు శుభ్రంగా నడిచేదట, ఆదివారం పూట పిల్లల్ని వెనక కూచోబెట్టుకుని నైల్స్ కాన్యన్ రోడ్డు మీద ఓ చుట్టు తిప్పుకొచ్చేవాళ్లట.

పోయిన ఏడాది స్టార్టర్ మోటారు మొరాయిస్తే విప్పారు. దాని వెనకాల బ్లాకు మీద, అంటే సిలిండర్లుండే ఇంజన్ అసలు ఇనప దిమ్మ మీద, గ్రీజు కింద, ఉబ్బెత్తుగా ఏవో అక్షరాలు కనబడ్డాయి. గుడ్డతో తుడిచి ఫోన్‌లో ఫోటో తీసి, ఆదివారం పాత కార్లవాళ్లంతా చేరే చోట ఒక పెద్దాయనకి చూపించారు. 8ఎ17. పెద్దాయన కళ్లద్దాలు పైకి జరుపుకుని చూసి, ఇది 1968 జనవరి 17న పోతపోసిన బ్లాకు, నీ కారేమో 67 మార్చిది, ఈ ఇంజన్ ఆ కారుతో వచ్చింది కాదు అని చెప్పి కాఫీ తాగడానికి వెళ్లిపోయాడు. ఆయన వెళ్లిపోయాడు గానీ ఈయనకి ఆ రోజు నుంచి నిద్ర లేదు. నెల తిరక్కుండా ఇంజన్ దింపేశారు. పద్నాలుగు నెలలైంది, కారు ఇంకా స్టాండ్ల మీదే ఉంది.

ఈలోగా ఏం జరిగిందంటే, 67 మొదట్లో తేదీ ఉన్న పార్టులన్నీ కొనడం మొదలుపెట్టారు, ఆల్టర్నేటర్లు రెండు, డిస్ట్రిబ్యూటర్లు మూడు, ప్లగ్గు వైర్లు కూడా తేదీ వేసినవే. బ్లాకు మాత్రం దొరకలేదు. ఇప్పుడు నెవాడాలో ఒకాయన దగ్గర 7ఎ30 అని ఉన్న ఉత్త బ్లాకు ఉందట, 1,850 డాలర్లు అడుగుతున్నాడట, తేదీ ఫోటో తప్ప ఇంకేం పంపలేదు. ఇంకొకతను 400 డాలర్లిస్తే ఉన్న బ్లాకు మీదే అంకెలు మార్చి పెడతానంటున్నాడు, ఎవరికీ తెలీదంటున్నాడు. ఖర్చుల లెక్క దాచిపెట్టుకున్న ఎక్సెల్ షీటు భార్య కంటబడింది, మొత్తం 6,200 డాలర్లు. ఆవిడ గొడవేం పెట్టుకోలేదట, "పాప పళ్ల బ్రేసులకి వచ్చే నెల చూద్దాం అన్నావు కదా" అని మాత్రం అన్నదట. ఇక నాన్నగారు, విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లు లారీ ఇంజన్లు దింపి ఎక్కించిన మేస్త్రి, మే నెలలో వచ్చారు, అక్టోబర్‌లో వెళ్లిపోతారు. ఆయన గరాజ్‌లో స్టూలేసుకుని కూచుని, "నడిచే ఇంజన్ దింపుకుని తేదీల కోసం కూచున్నావా, లారీకి జాతకం చూస్తార్రా ఎవరన్నా?" అన్నారట.

ఉత్తరం చివర్లో ప్రశ్న ఇది: "బ్లాకు కొనాలా వద్దా? అసలు నాది పిచ్చా?"

పిచ్చి సంగతి తర్వాత చూద్దాం, ముందు ఆ 8ఎ17 సంగతి చూద్దాం, ఎందుకంటే మీరు పద్నాలుగు నెలలు కొత్త బ్లాకు కోసం వెతికారు గానీ ఉన్న బ్లాకు ఎక్కడిదో ఒక్కసారి కూడా చూసినట్టు లేరు.

ఈ గోల తెలియని పాఠకుల కోసం రెండు ముక్కలు. ఆ రోజుల్లో ఫోర్డ్ వాళ్లు దాదాపు ప్రతి ఇనప పోత మీదా తేదీ వేసేవాళ్లు. మొదటి అంకె ఏడాది, తర్వాత అక్షరం నెల, చివర తారీఖు. ఎ అంటే జనవరి, బి ఫిబ్రవరి, అలా హెచ్ దాకా వెళ్లి ఐ అక్షరాన్ని వదిలేస్తారు, ఒకటి అంకెలా కనబడుతుందని, కాబట్టి జె సెప్టెంబర్, ఎం డిసెంబర్. 7బి3 అంటే 1967 ఫిబ్రవరి 3. పదేళ్లకోసారి అంకె మళ్లీ అదే వస్తుంది కాబట్టి 7 అంటే 57, 67, 77 ఏదన్నా కావచ్చు, పక్కనున్న ఇంజనీరింగ్ నంబర్ చూసి తేల్చుకోవాలి. ఆ ఇంజనీరింగ్ నంబర్ దగ్గరే కొత్తవాళ్లు బోర్లా పడతారు. సి6ఏఈ-6015 అని ఉందనుకోండి, అది 66లో గీసిన డిజైన్ అని అర్థం, సి అంటే అరవైలు, 6 అంటే ఆరో ఏడు, 6015 అంటే బ్లాకు. 66లో చేసిన బ్లాకు అని కాదు. సి6 అని ఉన్న బ్లాకు 67 కారులో ఉండటం మామూలే. ఇది తెలీక మంచి బ్లాకుల్ని తప్పు బ్లాకులని అమ్ముకున్నవాళ్లున్నారు, దాన్ని కొనుక్కుని బాగుపడ్డవాళ్లూ ఉన్నారు.

ఇప్పుడు మీ కారు. వీఐఎన్, అంటే ఫ్యాక్టరీ ఇచ్చిన కారు నంబర్, 7ఆర్01సి తో మొదలవుతుందని రాశారు. ఆర్ అంటే శాన్ హోసే ప్లాంటు. పేరుకే శాన్ హోసే, ప్లాంటు ఉన్నది మిల్పిటాస్‌లో, 1955లో తెరిచి 1983లో మూసేశారు, ఆ బిల్డింగే ఇవాళ్టి గ్రేట్ మాల్. అంటే మీరు పండక్కి పిల్లల బట్టలు కొనడానికి పార్కింగ్ కోసం అరగంట తిరిగే చోటే మీ కారు పుట్టింది. మీ డోర్ ప్లేటు మీద 21సి అని ఉందన్నారు, మార్చి 21, అది ప్లాన్ చేసిన తేదీ, నిజంగా లైను దిగిన తేదీ కొన్ని రోజులు అటూ ఇటూ కావచ్చు. 1967 నుంచి ఫోర్డ్ ప్రొడక్షన్ రికార్డులు కెవిన్ మార్టీ అనే ఆయన దగ్గరున్నాయి, మార్టీ రిపోర్టు తెప్పించుకుంటే అసలు తేదీ, ఏ డీలర్‌కి వెళ్లింది, ఏ ఆప్షన్లతో వెళ్లింది అన్నీ వస్తాయి. మీరు మూడు డిస్ట్రిబ్యూటర్లు కొన్నారు గానీ ఈ రిపోర్టు తెప్పించుకున్నట్టు ఎక్కడా రాయలేదు. మీరు డిస్ట్రిబ్యూటర్లకి పెట్టిన డబ్బుల ముందు అదెంతండీ.

కారు మార్చి 21 అయితే ఇంజన్ పోత తేదీ ఎప్పుడుండాలి? కారు కంటే ముందుండాలి, అది ఖాయం. ఎంత ముందు అన్నదానికి రూలు లేదు. 289 బ్లాకులు ఒహాయోలో క్లీవ్‌లాండ్ దగ్గర పోతపోసి, అక్కడే ఇంజన్‌గా బిగించి, రైలెక్కించి దేశం ఈ చివరికి పంపేవాళ్లు. పక్కనే మిషిగన్‌లో, డియర్‌బోర్న్ ప్లాంటులో తయారైన కారుకి గ్యాప్ తక్కువుండొచ్చు, మిల్పిటాస్ కారుకి ప్రయాణం ఎక్కువ కాబట్టి గ్యాప్ కాస్త ఎక్కువే ఉంటుంది. మీ కారుకి డిసెంబర్ మధ్య నుంచి ఫిబ్రవరి చివరి దాకా, అంటే 6ఎం నుంచి 7బి లోపల ఏ తేదీ ఉన్నా ఎవరూ వేలెత్తి చూపించరు.

ఇప్పుడు అసలు విషయం. 67 మస్టాంగ్‌లో సి కోడ్ ఇంజన్ మీద, అంటే మీ 200 హార్స్‌పవర్ 289 మీద, ఫ్యాక్టరీ వాళ్లు కారు నంబర్ కొట్టలేదు. కె కోడ్ హై పెర్ఫార్మెన్స్ ఇంజన్ల మీద కొట్టారు, 1968 మోడల్ నుంచి అన్నిటి మీదా కొట్టడం మొదలెట్టారు. మీ ఇంజన్ మీద లేదు. కాబట్టి రేపు మీరు ఆ 7ఎ30 బ్లాకు తెచ్చి బిగించినా అది "ఈ కారుతో వచ్చిన ఇంజన్" అని దేవుడు దిగొచ్చినా రుజువు చెయ్యలేడు. రుజువయ్యేది ఒక్కటే, ఇది ఈ కారులో ఉండి ఉండొచ్చు అని. అంతే. షెవర్లే వాళ్లు బ్లాకు మీద కారు నంబర్ చూసి నంబర్లు కలిశాయని అమ్ముతుంటే చూసి మీరూ అదే రకం తృప్తి వస్తుందనుకుంటున్నారేమో, మీ కారుకి ఆ తృప్తి పుట్టుకతోనే లేదు.

దీనికి రెండో వైపుంది, అది మీకు పనికొచ్చేది. మీ హెడ్లు రెండిటి మీదా, అంటే సిలిండర్ల పైన మూతల్లా బిగించే పోతల మీద, 7బి3 అని ఉందని ఉత్తరం మధ్యలో ఒక్క లైనులో రాసి వదిలేశారు! నాకైతే అది చదివి కుర్చీలో నిటారుగా కూచోవాలనిపించింది. హెడ్లు మార్చి నెల కారుకి కరెక్టుగా సరిపోయేవి, బ్లాకు మాత్రం కారు కంటే పదినెలల తర్వాతది. అంటే ఎవరో ఎక్కడో కింద బ్లాకు ఒక్కటే మార్చి పాత హెడ్లు మళ్లీ పెట్టారు. 1967 కార్లకి ఫోర్డ్ ఇంజన్ మీద 5 ఏళ్లు లేదా 50,000 మైళ్ల వారంటీ ఇచ్చింది. కొత్త కారు ఏడాది తిరక్కుండా ఏదో కొట్టుకుపోతే డీలర్ షెడ్డులో వారంటీ కింద బ్లాకు మార్చి ఉండొచ్చు. లేదా డెబ్బైల్లో ఎవరో కుర్రాడు కండం కారులోంచి పీక్కొచ్చి పెట్టి ఉండొచ్చు. ఈ రెండూ వేరు చెయ్యడానికి ఒక దారుంది. బ్లాకు ఎలాగూ కిందే ఉంది కదా, వెనక వైపు, ట్రాన్స్‌మిషన్ బిగించే అంచు దగ్గర, పై భాగంలో శుభ్రంగా తుడిచి టార్చి అడ్డంగా పట్టుకుని చూడండి. 8 తో మొదలయ్యే నంబర్ కొట్టి ఉంటే అది ఏదో 68 కారు నుంచి వచ్చింది. ఏమీ లేకపోతే అది కారులో పుట్టిన ఇంజన్ కాదు, కౌంటర్ మీద అమ్మిన స్పేరు బ్లాకు అయ్యే అవకాశం గట్టిగా ఉంది, అప్పుడది మీ కారు చిన్నప్పుడే దాని ఒంట్లోకి వచ్చి యాభై ఏళ్లకి పైగా అక్కడే ఉన్న వస్తువు కావచ్చు. ఈ ఒక్క పని ముందు చెయ్యండి, వైర్ బ్రష్ వాడొద్దు, కొట్టిన అక్షరాలు అరిగిపోతాయి, కిరసనాయిలు, గుడ్డ చాలు. ఉబ్బెత్తు అక్షరాలైతే చాక్‌పీసు ముక్క అడ్డంగా పెట్టి రుద్దండి, అంకెలు తెల్లగా లేచొస్తాయి, నొక్కి కొట్టినవైతే చాక్ పొడి లోపల నింపి పైన తుడిచేయండి.

సరే, ఇక మీ ముందున్నవి ఏంటో చూద్దాం.

అంకెలు మార్చే మనిషి సంగతి ముందు ముగించేస్తా, దానికి ఎక్కువ సమయం అక్కర్లేదు. పోత అంకెలు ఉబ్బెత్తుగా ఉంటాయి, వాటిని గ్రైండర్‌తో చెక్కేసి వేరే అంకె అతికించి పైన ఫోర్డ్ నీలం పెయింటు కొడతారు. పోత ఇనుము ఒళ్లంతా ఇసుక గరుకు ఉంటుంది, చెక్కిన చోట నున్నగా గుండు గీసినట్టు ఉంటుంది, తెలిసినవాడు వేలితో తడిమి చెప్పేస్తాడు. నేనూ మోసపోయినవాడినే. నా పాత ఫోర్డ్ ఫెయిర్‌లేన్‌కి ఒక ఆల్టర్నేటర్ కొన్నా, నంబర్ కరెక్టు, తేదీ కరెక్టు, అమ్మినాయన కబుర్లు ఇంకా కరెక్టు. ఇంటికొచ్చి థిన్నర్ గుడ్డతో పెయింటు తుడిస్తే అంకెల కింద అడ్డంగా సన్న గీతలు, ఎమరీ పేపర్ రుద్దిన గీతలు, అన్ని అంకెలూ ఒక వరసలో ఉంటే నెల అక్షరం మాత్రం కాస్త లోతుగా, వెంట్రుకవాసి పక్కకి జరిగి ఉంది. దాన్ని ఇప్పటికీ షెల్ఫ్ మీద పెట్టుకున్నా, అమ్మలేను, వాడలేను. మీరు మార్పించుకున్నారనుకోండి, మీకు తెలుసు కదా, ప్రతిసారీ బానెట్ ఎత్తినప్పుడు అదే కనబడుద్ది. రేపు కారు అమ్మేటప్పుడు కొనేవాడు అడిగితే చెప్పాలా వద్దా, చెప్తే పరువు పోద్ది, చెప్పకపోతే అది మోసం, కేసు కూడా అవ్వొచ్చు. 400 డాలర్లకి అంత తలనొప్పి ఎందుకు.

నెవాడా బ్లాకు. తేదీ బ్రహ్మాండంగా కుదిరింది, 67 జనవరి 30, మీ హెడ్లకి నాలుగు రోజులు ముందు. అందుకే జాగ్రత్త. తేదీ చూసి మనసు పారేసుకున్నవాడికి బోరు కనబడదు. 289 బోరు, అంటే సిలిండర్ వ్యాసం, మామూలుగా 4 అంగుళాలు. 30 థౌ, 40 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) ఓవర్‌సైజు దాకా కొట్టించుకోవచ్చు, 60 థౌ దాకా వెళ్లిపోయిన బ్లాకు అయితే గోడలు పలచబడి ఎండాకాలం ట్రాఫిక్‌లో వేడెక్కడం మొదలుపెడుతుంది, మళ్లీ బోరు కొట్టడానికి చోటు మిగలదు. అది ఇక తేదీ ఉన్న పేపర్ వెయిటే. అతన్ని మూడు అడగండి: బోరు కొలత పెట్టి ఫోటో, ఇవాళ్టి తేదీ రాసిన కాగితం పక్కన పెట్టి డేట్ కోడ్ ఫోటో, నీళ్ల జాకెట్టు పక్కన పగుళ్లు లేవని చూపించే ఫోటోలు. నెవాడాలో చలికి గడ్డకట్టి పగిలిన బ్లాకులు తక్కువేం కాదు. ఈ మూడూ పంపడానికి నసిగితే వదిలెయ్యండి. పంపితే, డబ్బు కట్టే ముందు మెషిన్ షాపులో పగుళ్ల పరీక్ష, గోడ మందం పరీక్ష చేయించుకునే షరతు పెట్టండి. ఇంకొక మాట, 1,850 అంటే ఉత్త బ్లాకు, దాని మీద బోరింగు, డెక్కు సాపు చేయించడం, పిస్టన్లు, రింగులు, బేరింగులు, గాస్కెట్లు వేసుకుంటే ఇంకో అంత, ఇంకా పైనే. కొంటే లాభం ఏంటంటే కారు ఒకటో తరగతి తేదీలతో ఉంటుంది, మీ మనసు నిమ్మళిస్తుంది. పోయేది డబ్బు, ఇంకో ఆరు నెలలు.

ఆ డబ్బు అమ్మకంలో తిరిగొస్తుందా అంటే, రాదనే నా లెక్క. 1967 మోడల్‌గా ఫోర్డ్ 4,72,121 మస్టాంగ్‌లు చేసింది, అందులో 3,56,271 హార్డ్‌టాప్‌లు. సి కోడ్ హార్డ్‌టాప్ అంటే గుంపులో గోవిందయ్య. దాన్ని కొనేవాడు తుప్పు చూస్తాడు, పెయింటు చూస్తాడు, ఏసీ ఉందా అంటాడు, స్టార్టర్ వెనకాల తలపెట్టి తేదీ చదివేవాడు నూటికి ఒకడుంటే గొప్ప. మీది కె కోడ్ అయ్యుంటే ఈ సమాధానం పూర్తిగా వేరే రాసేవాడిని.

జడ్జీలకి చూపించాలనుకుంటే అది వేరే సంగతి. మస్టాంగ్ క్లబ్ ఆఫ్ అమెరికా షోల్లో థరోబ్రెడ్ అనే క్లాసు ఉంది, అందులో డేట్ కోడ్‌లు చూస్తారు, బోల్టు తలకాయల మీద మార్కులు కూడా చూస్తారు. ఆ క్లాసుకి వెళ్లాలంటే బ్లాకు ఒక్కటి సరిపోదు, అద్దాలు, రేడియేటర్, గొట్టాలు, చక్రాలు అన్నీ మార్చుకుంటూ పోవాలి, కారుని ట్రెయిలర్ మీద తీసుకెళ్లాలి, నైల్స్ కాన్యన్‌లో పిల్లల్ని తిప్పడం మర్చిపోవాలి. అదే క్లబ్బులో నడిపే కార్లకి వేరే క్లాసులున్నాయి, అక్కడ మీ 8ఎ17 ఎవరికీ అడ్డం కాదు. మీరు ఉత్తరంలో ఒక్కసారి కూడా షో గురించి రాయలేదు, రెండుసార్లు కాన్యన్ గురించి రాశారు. అది నేను గమనించా.

మూడో దారి, పాత బ్లాకునే మళ్లీ బిగించడం. దింపేటప్పుడు కంప్రెషన్ ఎనిమిది సిలిండర్లలోనూ దగ్గరదగ్గరగా ఉందని మీరే రాశారు. గాస్కెట్లు, సీళ్లు, టైమింగ్ చైను కొత్తవి వేసి ఎక్కించేస్తే కారు నడుస్తుంది. నష్టం ఏంటంటే, స్టార్టర్ వెనకాల ఆ అంకెలు అక్కడే ఉంటాయి, మీ స్వభావానికి అది కొన్నాళ్లు పంటి కింద రాయిలా తగులుతుంది. తగలదని నేను చెప్పను. నాకు తగిలింది, రెండేళ్లకి మర్చిపోయా.

నాలుగోది, రెండిటికీ మధ్యది, మీరు రాయనిది. ఇప్పుడున్నది బిగించి కారు రోడ్డెక్కించండి, తేదీ కలిసే బ్లాకు కోసం తీరిగ్గా వెతకండి. తొందరలో ఉన్నవాడికి ధర పెంచుతారు, తొందర లేనివాడికి దొరికినప్పుడు దొరుకుతుంది. వెతకడంలో ఒక కిటుకు చెప్తా, మస్టాంగ్ బ్లాకు అని వెతక్కండి. అదే 289 అదే క్లీవ్‌లాండ్ నుంచి అదే వారం ఫెయిర్‌లేన్‌లోకి, ఫాల్కన్‌లోకి, కామెట్‌లోకి, కూగర్‌లోకి వెళ్లింది. మస్టాంగ్ అన్న పేరు పడగానే రేటు రెట్టింపు అడుగుతారు, ఫాల్కన్ ఇంజన్ అన్నవాడు గరాజ్ ఖాళీ అయితే చాలంటాడు. పోతకి తెలీదు కదా తను ఏ కారులోకి పోతుందో. జనవరిలో టర్లాక్‌లో స్వాప్ మీట్, అంటే పాత పార్టుల సంత, ఉంటుంది, మీకు గంటన్నర దూరం, పొద్దున్నే చీకట్లో టార్చి, చాక్‌పీసు, బోరు కొలిచే గేజ్ పట్టుకుని వెళ్లండి, ఎనిమిదింటికల్లా మంచివి పోతాయి. లాస్ ఏంజెలెస్ వైపు పొమోనాలో కూడా ఉంటుంది, కానీ మీకు చాలా దూరం. మూత తియ్యని పాత స్టాకు అని పెట్టెలో ఇచ్చేవాటి దగ్గర మాత్రం ఆగండి, పెట్టె పాతదే, పార్టు మాత్రం డెబ్బైల్లో స్పేరుగా చేసింది అయ్యుండొచ్చు, పెట్టె తెరిచి పార్టు మీద తేదీ చదివాకే డబ్బులు తియ్యండి. కార్బొరేటర్ ట్యాగుల్ని కూడా నమ్మకండి, అల్యూమినియం ట్యాగులు మీకు కావలసిన నంబర్‌తో కొత్తగా కొట్టించి అమ్ముతారు. మీ దగ్గరున్న ప్లగ్గు వైర్ల మీద తేదీ అచ్చు కూడా ఇప్పుడు అచ్చేసిందే, అది తప్పేం కాదు, వైరు అరిగిపోయే వస్తువు, కానీ అది కొన్న ఆనందంలో పాత వైర్లు పడేసి ఉంటే మాత్రం తిడతా.

ఇక ఇంట్లో సంగతి. మీ ఆవిడకి డేట్ కోడ్ మీద కోపం లేదు. ఎక్సెల్ షీటు దాచినందుకు కోపం, అది కూడా బ్రేసుల మాట వల్ల బయటపడింది గానీ ఆవిడ బయటపెట్టలేదు. దీనికి నా దగ్గర కారు సలహాలాంటిదే ఉంది. రెండు ఆల్టర్నేటర్లలో ఒకటి, మూడు డిస్ట్రిబ్యూటర్లలో రెండు అమ్మేయండి, డేట్ కోడ్ ఫోటోలతో పెడితే మీలాంటివాడే ఇంకొకడు వారంలో కొనేస్తాడు, ఆ డబ్బు నేరుగా పాప బ్రేసులకి కట్టండి. కట్టాక చెప్పండి, ముందు చెప్పి పొగడ్త కోసం ఎదురుచూడకండి. తర్వాత ఆవిడతో కూచుని కారుకి ఏడాదికి ఇంత అని ఒక అంకె పెట్టుకోండి, నెవాడా బ్లాకు ఆ అంకెలో పడితే కొనుక్కోండి, పడకపోతే టర్లాక్. ఆవిడ అంకె మీరనుకున్న దానికంటే ఎక్కువే చెప్పొచ్చు, నాకు అలాగే జరిగింది, ఆశ్చర్యపోయా.

నాన్నగారి జాతకం మాట మీకు గుచ్చుకుందని రాశారు. ఆయన దృష్టిలోంచి చూడండి. ఆటోనగర్‌లో ఒక లారీ షెడ్డులో ఒక పూట ఎక్కువ నిలబడితే ఓనర్‌కి కిరాయి పోతుంది, డ్రైవర్‌కి బత్తా పోతుంది, మేస్త్రికి పేరు పోతుంది. అక్కడ పార్టుకి ఒకటే పరీక్ష, కుదిరిందా, ఆడిందా. టాటా బ్లాకులో ఎక్కడి లైనరో వేసి పొద్దునకల్లా రోడ్డెక్కించిన మనిషికి, ఆడే ఇంజన్ దింపి పద్నాలుగు నెలలు నేల మీద పెట్టడం చూస్తే ఒంట్లో ఒణుకొస్తుంది. ఆయన ఎగతాళి చేస్తున్నాడని మీరనుకున్నారు, నాకు మాత్రం ఆయన చేతులు ఊరికే కూచోలేక ఆ మాట అన్నాయేమో అనిపించింది. స్టూలు గరాజ్‌లో వేసుకుని రోజూ కూచునే మనిషి ఆ గరాజ్ నచ్చక కూచోడు కదా.

ఆయనకి డేట్ కోడ్ అంటే ఏంటో చూపించారా అసలు? చెప్పడం కాదు, చూపించడం. హెడ్డు ఆయన చేతికిచ్చి 7బి3 చదవమనండి. లెక్క చెప్పండి. ఆయనకి 1967లో ఎన్నేళ్లో మీకే తెలియాలి, బహుశా ఏదో షెడ్డులో స్పానర్లు అందించే వయసు. ఆ ఫిబ్రవరి 3న ఒహాయోలో ఎవడో మేస్త్రి పోసిన ఇనుము ఇది అంటే ఆయనకి అర్థమయ్యేంతగా మీకూ నాకూ అర్థం కాదు. అయినా జాతకాలు వద్దంటే వద్దననివ్వండి, ఆయన ఇష్టం. బ్లాకు గోడల్ని గోటితో తడిమి ఇందులో గీత ఉందో లేదో ఆయన చెప్పగలడు, మీ నెవాడా ఫోటోలు వచ్చాక మొదట ఆయనకే చూపించండి, నాకు పంపక్కర్లేదు.

అక్టోబర్ లోపల ఇంజన్ ఎక్కించాలంటే పాత బ్లాకుతోనే సాధ్యం, కొత్తదాన్ని మెషిన్ షాపుకిచ్చి తెచ్చుకునేసరికి నాన్నగారు విమానం ఎక్కేసి ఉంటారు. ఇది నేను ఏ వైపూ లాగడానికి చెప్పట్లేదు, తేదీలు లెక్కపెట్టడం మీకు బాగా వచ్చు కాబట్టి ఇదీ అందులో కలుపుకోండి.

పాత బ్లాకుతో వెళ్లినా, నెవాడాదే కొన్నా, ఒకటి మర్చిపోవద్దు. స్టార్టర్ మోటారు బిగించారంటే ఆ 8ఎ17 మళ్లీ కనబడదు. బిగించేముందు శుభ్రంగా తుడిచి, చాక్ రుద్ది, వెలుతురు పక్కనుంచి పడేలా పెట్టి ఒక మంచి ఫోటో తియ్యండి, హెడ్ల మీద 7బి3 కూడా తియ్యండి, బ్లాకు వెనక నంబర్ ఉన్నా లేకపోయినా ఆ చోటు కూడా తియ్యండి. ప్రింట్లు వేయించి మార్టీ రిపోర్టుతో కలిపి ఒక ఫైల్లో పెట్టి గ్లవ్ బాక్సులో పెట్టండి, వెనక నంబర్ ఏం కనబడిందో నాకూ రెండు లైన్లు రాయండి.